తొడుగులు అందుకున్న చెయ్యి

"తొడుగులేవి?" అని అడిగింది నోన్నా పావ్లొవ్నా, స్కేటింగ్ రింకు అడ్డుగోడ దగ్గర నిలబడి.

కాప్టెన్ షుబిన్ వెంటనే జవాబు చెప్పే స్థితిలో లేడు. అతని నోట్లో పొసికుంచిక్ ఉంది. పెర్మ్‌లోనే పుట్టి పెరిగినా, ఆ చిన్న మాంసం కజ్జికాయని ఎటువైపు నుంచి కొరికితే రసం బయటికి చిమ్మదో అతనికి ఇంకా అంతుపట్టలేదు. ఈసారి కూడా టై మీదే పడింది.

"ఏ తొడుగులు?" అన్నాడు టై తుడుచుకుంటూ.

"బ్లేడు తొడుగులు నాయనా. స్కేట్స్ వేసుకుని మామూలు నేల మీద నడిచేటప్పుడు పదును పోకుండా బ్లేడుకి తగిలిస్తారే, ఆ ప్లాస్టిక్‌వి. గ్లెబ్ బట్టలు మార్చుకున్న గది అదిగో, ఆ చివర. అక్కణ్ణించి ఇక్కడిదాకా అంతా సిమెంటు నేల. తొడుగులు లేకుండా వచ్చుండడు. మంచు మీద దిగేముందు తియ్యకుండానూ ఉండడు. తీసినవి ఏమైనట్టు?"

"ఏ మూలో పడుంటాయి లెండి. ఒక మనిషిని చంపబోయిన కేసులో ప్లాస్టిక్ ముక్కల గోలేంటి మేడమ్?"

"మేడమ్ అనకు. బట్టల కొట్టులో బేరమాడుతున్నట్టుంటుంది. పేరు పెట్టి పిలువు చాలు."

నేరం ఎవరు చేశారో తేల్చాల్సింది దర్యాప్తు అధికారిణిగా నోన్నా పావ్లొవ్నా. ఆమెకి సాయం చెయ్యాల్సింది పోలీసు కాప్టెన్ షుబిన్. కాగితం మీద అంతే. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆవిడ షుబిన్ లాంటివాళ్ళని చాలామందినే చూసింది. అందరికీ సాయంత్రం వార్తల్లోకి ఎక్కాలనే తొందర.

ఈ కేసు వార్తల్లోకి ఎక్కేదే, అందులో అనుమానం లేదు. గ్లెబ్ జవ్యాలొవ్ పేరు తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఐస్ డాన్సులో మూడుసార్లు జాతీయ స్థాయిలో కంచు పతకం తెచ్చుకున్నాడు. ఒక్కసారైనా బంగారం మెడలో పడందే స్కేట్స్ విప్పనని పంతం పట్టి కూర్చున్నాడు. ఈ ఏటి పోటీలు ఇంకో పది రోజుల్లో ఉన్నాయి. అలాంటివాడు ఈ ఉదయం ఖాళీ రింకులో ఒంటరిగా సాధన చేస్తూ, ఎడమకాలి బ్లేడు మడమ దగ్గర ఊడిపోయి, ఉన్న వేగమంతటితో వెళ్ళి అవతలి అడ్డుగోడకి కొట్టుకున్నాడు. తుంటి విరిగింది, తల పగిలింది. ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. బతుకుతాడనే అంటున్నారు డాక్టర్లు. మంచు సంగతి మాత్రం ఇక ఎత్తొద్దన్నారు.

బ్లేడు దానంతటది ఊడలేదు. మడమ కిందున్న మరలన్నిటినీ ఎవరో వదులు చేశారు. స్క్రూడ్రైవర్ జారి బూటు అడుగున పడిన గీత ఇంకా కొత్తగా మెరుస్తోంది.

అతన్ని మొదట చూసింది కోచ్ రిమ్మా జఖారొవ్నా. ఎనిమిదింటికి కాస్త ముందు వెనక తలుపు తీసుకుని వచ్చేసరికే గ్లెబ్ నెత్తుట్లో పడి ఉన్నాడని, అంబులెన్సుకి తనే ఫోన్ చేశానని చెప్పింది. ఫోన్ వెళ్ళిన మాట నిజమే.

"మీ దగ్గర తొడుగులు లేవు. నా దగ్గర మనిషి ఉంది" అన్నాడు షుబిన్. "ఉల్యానా. గ్లెబ్ పాత జోడీ, ఇప్పుడు ఇక్కడే చిన్నపిల్లలకి నేర్పుతోంది. ఏడింటికే లోపలికి వచ్చింది, గేటు దగ్గర ముసలావిడ చూసింది. గదుల తాళాలు ఆమె దగ్గరున్నాయి. సంచీలో స్క్రూడ్రైవర్ ఉంది. రెండేళ్ళ కిందట గ్లెబ్ ఆమెని వదిలేసి, కుర్రపిల్ల వసిలీసాతో జోడీ కట్టాడు. ఇంకేం కావాలి? పన్నెండు కొట్టగానే బండెక్కిస్తా. టీవీవాళ్ళు కూడా గేటు దగ్గరికి వస్తున్నారు."

"టీవీవాళ్ళని నువ్వే పిలిచావా?"

"వాళ్ళకి వాళ్ళే వచ్చారు" అన్నాడు షుబిన్. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

నోన్నాకి ఒళ్ళు మండింది. కేసు రేపు కొట్టేసినా, ఇవాళ చేతికి సంకెళ్ళతో ఆ అమ్మాయి టీవీలో కనబడితే చాలు. పొద్దున్నే పిల్లని తెచ్చి ఆమె చేతిలో పెట్టే తల్లి మళ్ళీ ఒక్కతి ఉండదు. ఆ పిల్లలు తప్ప ఉల్యానాకి ఈ భూమ్మీద ఏం మిగిలిందో నోన్నాకి తెలియదు. పన్నెండు కావడానికి గంట మాత్రమే ఉంది.

ఆవిడ టార్చిలైటు తీసి అడ్డుగోడ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. రాత్రి మంచు సాపు చేసే బండి తిరిగి వెళ్ళాక ఆ మంచు మీద కాలుపెట్టినవాడు గ్లెబ్ ఒక్కడే. అవతలి చివర పోలీసు బూట్లు తొక్కి పాడు చేశాయి గానీ, తలుపు దగ్గర శుభ్రంగానే ఉంది. లైటు పక్కగా పట్టుకుంటే గీతలన్నీ పైకి తేలాయి.

తలుపు దాటగానే జానెడు చోటులో పొట్టి పొట్టి గీరలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. బ్లేళ్ళ మొనలు గోడవైపు తిరిగి ఉన్నాయి. అంటే మంచు మీదికి దిగినవాడు అక్కడే ఇటు తిరిగి నిలబడ్డాడు. కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. ఆ తర్వాత గీతలు ఒక్కసారిగా లోతుగా, పొడుగ్గా, నేరుగా అవతలి గోడవైపు దూసుకెళ్ళాయి. మెల్లగా తిరిగిన చుట్టు ఒక్కటి కూడా లేదు.

"ఇలా రా" అని పిలిచింది నోన్నా.

మెట్ల మీద కోటు కప్పుకుని ముడుచుకుని కూర్చున్న వసిలీసా లేచి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా వాచింది.

"మీ గ్లెబ్ పొద్దున్నే దిగగానే ముందు ఏం చేస్తాడమ్మా?"

"రెండు చుట్లు నడుస్తాడండీ. మెల్లగా, ముసలాయన పార్కులో నడిచినట్టు. బ్లేడు చప్పుడు వింటాడు. నేను నవ్వితే కోప్పడతాడు. 'పక్కింటివాళ్ళు చెప్పకముందే నీ బ్లేడు నీకు అన్నీ చెప్తుందే పిచ్చిదానా, విను' అంటాడు."

"ఏ రోజైనా మానేశాడా?"

"అబ్బే! జ్వరం వచ్చినా మానడు."

"ఇవాళ మానేశాడు" అంది నోన్నా. "సరే. దిగేముందు తొడుగులు తీసి ఎక్కడ పెడతాడు? ఈ గోడ మీదేనా?"

వసిలీసా ఆ మాట వినగానే భయపడినట్టు చూసింది. "గోడ మీదా! అమ్మో, మాలో ఎవరమూ పెట్టం. రిమ్మా జఖారొవ్నా ఊరుకోరు. 'తొడుగులు గోడెక్కితే కాళ్ళు ఆకాశానికెక్కుతాయి' అంటారు. గ్లెబ్ ఏడేళ్ళప్పుడు మొదటి పోటీలో గోడ మీద పెట్టి దిగాడట. పడి ముందు పళ్ళు రెండూ రాలగొట్టుకున్నాడట. అప్పట్నుంచి ఎవరి చేతికైనా ఇవ్వాల్సిందే."

"చుట్టుపక్కల ఎవరూ లేకపోతే?"

"ఎవరో ఒకరు వచ్చేదాకా నిలబడతాడు. ఒకసారి నేల తుడిచే ఆవిణ్ణి పిలిచి మరీ ఇచ్చాడు. ఆవిడ బకెట్లో వేసేసింది." నవ్వబోయి, ఆ నవ్వు సగంలో ఉండగానే మళ్ళీ ఏడుపు అందుకుంది ఆ పిల్ల.

నోన్నా షుబిన్ వైపు తిరిగింది. "విన్నావుగా. అతను దిగినప్పుడు గోడకి ఇవతల ఒక మనిషి నిలబడి ఉంది. అతను ఆ మనిషితో మాట్లాడాడు. తొడుగులు ఆ చేతికిచ్చాడు. ఆ మాటలకి ఎంత మండిందో ఏమో, ఇరవై ఏళ్ళ అలవాటు మరిచిపోయి బాణంలా దూసుకెళ్ళాడు. మెల్లగా రెండు చుట్లు నడిచుంటే బ్లేడు వదులైన సంగతి అప్పుడే తెలిసేది."

"బ్రహ్మాండం!" అన్నాడు షుబిన్ చప్పట్లు కొట్టి. "ఆ మనిషి ఉల్యానాయే. నా పని మీరే చేసిపెట్టారు. పదండి, ఆమెనే అడుగుదాం."

పిల్లల గదిలో అరచేతిలో ఇమిడేంత స్కేట్స్ గోడ నిండా కొక్కేలకి వేలాడుతున్నాయి. ఉల్యానా కింద కూర్చుని వాటి లేసులు విప్పుతోంది. వయసు ఇరవై ఏడు. కూర్చున్నా వెన్ను నిటారుగానే ఉంది. షుబిన్ పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. అయినా పెద్దరికం తగ్గనివ్వలేదు.

"పదహారేళ్ళు నిన్ను ఎత్తుకుని తిరిగినవాడు, వయసైపోగానే దింపేసి వేరే పిల్లని ఎత్తుకున్నాడు. నువ్వేమో ఇక్కడ నాలుగేళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తున్నావు. మండదూ?"

"మండింది" అంది ఉల్యానా. "రెండేళ్ళు మండింది. ఇప్పుడు మండటానికి కూడా ఏం మిగల్లేదు లెండి."

"స్క్రూడ్రైవర్ ఎందుకు?"

"చెమ్మకి మరలు వదులవుతాయి. రోజూ బిగించుకోవాలి. ఈ భవనంలో స్క్రూడ్రైవర్ లేని సంచీ ఉంటే చూపించండి."

"పొద్దున ఏడింటికి అతనితో నీకేం పని?"

ఆమె లేసు వేలికి చుట్టుకుంది, విప్పింది.

నోన్నా కోటు జేబులోంచి ఒక పొట్లం తీసి విప్పింది. బూడిదరంగు ఊలు పట్టీ, కత్తెరతో నిలువునా కోసి ఉంది. "ఆస్పత్రిలో బట్టలు కోసినప్పుడు అతని ఎడమ మోకాలికి ఉందట. కుక్కబొచ్చుతో అల్లింది. మా అమ్మమ్మ కూడా ఇలాంటిదే నడుం నొప్పికి కట్టుకునేది. అంగట్లో ఇంత ముతకది దొరకదు. నువ్వే కట్టావు కదూ?"

ఉల్యానా చెయ్యి చాపి ఆ పట్టీ అందుకుంది. కోసిన చోట రెండు అంచులూ దగ్గరికి చేర్చి పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

"మోకాల్లో గుజ్జు మొత్తం అరిగిపోయిందండీ. మెట్లు దిగడానికే చెయ్యి పట్టుకోవాల్సి వస్తోంది. ఈ ఒక్క పోటీ అయిపోతే చాలు, ఆ తర్వాత కర్ర పట్టుకునైనా నడుస్తానన్నాడు. వసిలీసాకి తెలియకూడదన్నాడు. రిమ్మా జఖారొవ్నాకైతే అసలే తెలియకూడదన్నాడు. తెలిస్తే ఆ క్షణమే ఆపేస్తారని. రోజూ పొద్దున్నే నేను వచ్చి కట్టి, పిల్లలు వచ్చేలోపు ఈ గదిలోకి వచ్చేస్తాను. ఇవాళా అంతే."

"నిన్ను వదిలేసినవాడికి సేవలా?" అన్నాడు షుబిన్.

"పదహారేళ్ళు అతని చెయ్యి పట్టుకుని తిరిగాను. వదిలేశాక ఆ చెయ్యి ఏం చేసుకోవాలో మాకెవరూ నేర్పలేదు." కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదేనండీ. దాచడం మా ఇద్దరికీ చిన్నప్పటి అలవాటు. పదిహేడేళ్ళప్పుడు నా పక్కటెముక విరిగితే పోటీ అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎక్కడ పట్టుకుని ఎత్తితే నొప్పి తక్కువో ఇద్దరం కలిసి వెతుక్కున్నాం. అదేదో గొప్ప పనన్నట్టు మురిసిపోయాం. మొదటిరోజు ఆ మోకాలు చూడగానే వెళ్ళి ఎవరితోనైనా చెప్పుంటే వాడు ఇవాళ ఇంట్లో కూర్చుని నన్ను తిట్టుకుంటూ ఉండేవాడు. తిట్టుకుంటే తిట్టుకునేవాడు!"

"ఒక చేత్తో పట్టీ కట్టావు, ఇంకో చేత్తో మరలు తిప్పావు. అంతేగా?" షుబిన్ లేచాడు. బెంచీ కూడా అతనితోపాటు లేచి కింద పడింది.

"కాస్త ఆగవయ్యా!" అంది నోన్నా.

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. ఆస్పత్రిలో కాపలా పెట్టిన కుర్ర పోలీసు. గ్లెబ్‌ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు రెండు నిమిషాలు తెలివి వచ్చిందట. ఆ గందరగోళంలో ఇప్పటిదాకా చెప్పడం కుదరలేదట.

"ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు."

"ఎవరూ లేరు, నేనొక్కణ్ణే ఉన్నానన్నాడండీ. మరలు తనే సరిగ్గా బిగించుకోలేదన్నాడు. తొడుగులు గోడ మీద పెట్టి దిగానన్నాడు. అంతే, మళ్ళీ స్పృహ పోయింది."

"తొడుగుల సంగతి నువ్వు అడిగావా?"

"లేదండీ. అవేంటో కూడా నాకు తెలీదు. ఆయనే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు."

నోన్నా ఫోన్ పెట్టేసింది. తల పగిలి, తుంటి విరిగి, రెండు నిమిషాలు తెలివి వచ్చినవాడు ఆ రెండు నిమిషాలూ తొడుగుల గురించి అబద్ధమాడటానికి వాడుకున్నాడు. పళ్ళు రాలిన ఏడేళ్ళ వయసు నుంచి గోడ మీద పెట్టనివాడు, ఇవాళ పెట్టానంటున్నాడు. అవి ఎవరి చేతిలో ఉన్నాయో అతనికి తెలుసు. ఆ చేతికి సంకెళ్ళు పడకూడదనుకుంటున్నాడు.

"చూశారా, పాత ప్రేమ!" అన్నాడు షుబిన్, విషయం వినగానే. "ఈమెని కాపాడుతున్నాడు."

"ఉల్యానా" అంది నోన్నా అతన్ని పట్టించుకోకుండా. "నువ్వు ఎప్పుడైనా గ్లెబ్ తొడుగులు అందుకున్నావా?"

"నేనా?" ఆశ్చర్యపోయింది ఆమె. "నేనెలా అందుకుంటానండీ? నేనూ అతనితోపాటే మంచు మీద ఉంటాను కదా. ఇద్దరం కలిసే ఇచ్చేవాళ్ళం."

ఎవరికి ఇచ్చేవాళ్ళో నోన్నా అడగలేదు. అడగకుండానే ఆవిడకి తెలిసిపోయింది. ఇలాంటి సమయంలో తన అనుమానం తప్పయితే బావుండుననిపిస్తుంది ఆవిడకి. అలా ఎప్పుడూ కాలేదు.

"పన్నెండు" అన్నాడు షుబిన్ గడియారం చూపించి. "నేను ఈమెని బండి దగ్గరికి తీసుకెళ్తున్నా. ఆపాలంటే మనిషిని చూపించండి. ప్లాస్టిక్ ముక్కల్ని కాదు."

"తీసుకెళ్ళి బండిలో కూర్చోబెట్టు. కానీ నా ఫోన్ వచ్చేదాకా గేటు దాటించావో, నీ టై మీద మరకల దగ్గర్నుంచి అన్నీ నివేదికలో రాస్తాను."

కోచ్ గదిలో రిమ్మా జఖారొవ్నా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. జుట్టు గట్టిగా ముడి వేసి ఉంది. ముందున్న టీ చల్లారి పైన మీగడలా తెట్టు కట్టింది. ఆవిడ బరువైన బొచ్చుకోటు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. రింకు పక్కకి వెళ్ళేటప్పుడే దాన్ని వేసుకుంటుందని, రాగానే విప్పేస్తుందని నోన్నా పొద్దున్నే గమనించింది.

"మీ ఆవరణలో పొద్దున ఎలా మొదలవుతుందో ఒకసారి చూడాలి" అంది నోన్నా. "ఫొటోలు తీయడం అయిపోయింది, మంచు వదిలేస్తున్నాం. వసిలీసాని రోజూలాగే దింపగలరా?"

"ఇవాళా? ఆ పిల్లని చూశారా మీరు?"

"నేను దిగుతాను" అంది వసిలీసా తలుపు దగ్గరి నుంచి. "ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది రిమ్మా జఖారొవ్నా. నా సగం నేను చేసుకుంటాను. రానివ్వండి."

రిమ్మా ఆ పిల్ల మొహంలోకి చూసింది. లేచి కోటు వేసుకుంది.

అడ్డుగోడ తలుపు దగ్గర వసిలీసా ఒంటికాలి మీద నిలబడి పసుపుపచ్చ తొడుగు ఒకటి లాగింది, రెండోది లాగింది. వెనక్కి చూడకుండా చెయ్యి వెనక్కి చాపింది. రిమ్మా కూడా చూడలేదు. ఆవిడ కళ్ళు అవతలి గోడ దగ్గర కడిగిన మంచు మీద ఉన్నాయి. కానీ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళింది, తొడుగులు అందుకుంది, తిన్నగా కోటు కుడి జేబులోకి దోపింది.

తొడుగులు లోపలికి పోలేదు.

ఆవిడ ఇంకోసారి నొక్కింది. లోపల ఏదో గట్టిది అడ్డం తగిలి చిన్నగా చప్పుడైంది. ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ తగిలిన చప్పుడు. రిమ్మా జఖారొవ్నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా అరచేత్తో జేబు పైనుంచి తడుముకుంది. ఆవిడ మొహంలో రక్తం ఎలా దిగిపోయిందో నోన్నా చూసింది. ఇలాంటి క్షణం కోసమే ఉద్యోగమంతా గడిపినా, అది ఎదురైన ప్రతిసారీ ఆవిడకి పక్కకి తిరిగి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

వెళ్ళిపోలేదు. ఫోన్ తీసింది. "షుబిన్, ఆ అమ్మాయిని వెనక తలుపు నుంచి లోపలికి తీసుకురా. మర్యాదగా. ఆ, దొరికాయి."

మంచు మధ్యలో వసిలీసా, ఎదురుగా లేని గ్లెబ్ భుజాల ఎత్తున రెండు చేతులూ చాపి నిలబడింది. "రిమ్మా జఖారొవ్నా, పాట!"

రిమ్మా పసుపుపచ్చ తొడుగులు ఎడమ జేబులో వేసి, రిమోట్ తీసి నొక్కింది. వయొలిన్లు మొదలయ్యాయి.

"పాట అయ్యేదాకా ఉండనిస్తారా?" అంది నోన్నాతో. "నాలుగు నిమిషాలు."

"ఉండండి. చెప్పాలనుకుంటే చెప్పండి."

"పొద్దున్నుంచీ కోటు బరువుగానే ఉంది. ఏమిటో చూసుకోలేదు. నా జేబులో ఎప్పుడూ ఎవరివో ఒకరివి ఉంటూనే ఉంటాయి." ఆవిడ మంచు మీది పిల్ల మీంచి కళ్ళు తిప్పలేదు. "మోకాలి సంగతి నాకు తెలియదనుకున్నారు ఇద్దరు పిచ్చివాళ్ళూ. ఏడేళ్ళప్పటి నుంచి చూస్తున్న కాలు నాకు తెలియదా? చూడక్కర్లేదు, బ్లేడు చప్పుడు చాలు నాకు. డాక్టర్ దగ్గరికి రారా అని నెల్లాళ్ళు బతిమాలాను. నొప్పా, నాకా, అని నవ్వేవాడు. ఇవాళ వాడి కాలు చూడమని ఒక డాక్టర్ని బతిమాలి ఒప్పించి పెట్టుకున్నాను. వాడిని ఒక్క రోజు మంచుకి దూరం చెయ్యాలి, అంతే."

"అందుకని మరలు..."

"రాత్రి వాడు వెళ్ళాక నా తాళంతో గది తీసి నేనే తిప్పాను. వాడి బూటు అడుగు మడమ దగ్గర చెమ్మకి మెత్తబడిందని తెలుసు. వదులు చేస్తే బ్లేడు ఊగుతుంది. మళ్ళీ బిగించినా పట్టదు. కన్నాల్లో పుల్లలు దోపి జిగురు పోసి రోజంతా ఆరబెట్టాలి. ఆ రోజు నాకు చాలనుకున్నాను. మొదటి చుట్టులోనే వాడికి తెలిసిపోతుంది కదా! ఎన్నడూ ఆ రెండు చుట్లు మానినవాడు కాదు. నేను నేర్పించిందే అది."

"మరి గోడ దగ్గర ఏమైంది?"

"నోరు ఊరుకోలేదు. తొడుగులు చేతికిస్తూ నవ్వాడు, చిన్నప్పటిలాగే. ఆ నవ్వు చూసి ఉండబట్టలేక అనేశాను. నీ మోకాలి సంగతి నాకు తెలుసురా, ఇవాళ నాతో వస్తున్నావు, లేదంటే పోటీల్లోంచి నీ పేరు నేనే తీయించేస్తాను అని. తెల్లబోయాడు. ఉల్యానా చెప్పిందా అన్నాడు. ఆమె కాదంటే నమ్మలేదు. మీరందరూ కలిసి నన్ను పాతిపెట్టేస్తున్నారన్నాడు. అటు తిరిగి దూసుకెళ్ళాడు."

వయొలిన్లు పైకి లేచాయి. వసిలీసా పైకెగరాల్సిన చోట ఎత్తే చేతులు లేక, ఒంటికాలి మీద ఒరిగి, ఖాళీగా ఒక చుట్టు తిరిగి ముందుకు సాగింది.

"ఆగరా అని అరిచాను" అంది రిమ్మా. "గొంతు చించుకుని అరిచాను. ఇరవై రెండేళ్ళుగా రోజూ అరుస్తున్న మాటే కదా అది. వాడు పట్టించుకోలేదు."

చట్టం దగ్గర దీనికి పేరుంది, సంఖ్య ఉంది. నోన్నాకి రెండూ గుర్తున్నాయి. ఒక్కటి మాత్రం చెప్పాలనిపించి చెప్పింది.

"తెలివి వచ్చినప్పుడు గ్లెబ్ ఒక మాట చెప్పాడు. గోడ దగ్గర ఎవరూ లేరట. తొడుగులు గోడ మీద పెట్టి దిగాడట."

రిమ్మా జఖారొవ్నా కళ్ళు మూసుకుంది. "గోడ మీదా? వాడా?" అంది. గొంతులో ఏడుపు కాదు, అంతకన్నా పాతదేదో కదిలింది. "ఈ జన్మలో పెట్టడు. దొంగవెధవ."

వెనక తలుపు తెరుచుకుంది. షుబిన్, అతని పక్కన ఉల్యానా. ఉల్యానా కోచ్ మొహం చూసింది, నోన్నా మొహం చూసింది, అక్కడే నిలబడిపోయింది. షుబిన్ ఏదో అడగబోయి, మొదటిసారిగా బుద్ధిగా నోరు మూసుకున్నాడు.

పాట అయిపోయింది. వసిలీసా ఒగరుస్తూ గోడ దగ్గరికి జారి వచ్చింది. తలుపు దగ్గర ఆగి, కన్నీళ్ళు భుజానికి తుడుచుకుంటూ, ఎప్పటిలాగే చూడకుండా చెయ్యి చాపింది. ఎప్పటిలాగే రిమ్మా చెయ్యి కుడి జేబులోకి వెళ్ళి, అందినవి తీసి ఆ చేతిలో పెట్టింది.

బరువు తేడాగా తోచి వసిలీసా తల దించి చూసుకుంది. పెద్దవి. నల్లవి. ఒకదాని మీద గోటితో గీసిన రెండక్షరాలున్నాయి.

"ఇవి గ్లెబ్‌వి" అంది ఆ పిల్ల. "మీ దగ్గరికెలా వచ్చాయి రిమ్మా జఖారొవ్నా?"

రిమ్మా ఎడమ జేబులోంచి పసుపుపచ్చ జత తీసి, మెడలోని శాలువాతో లోపలి తడంతా తుడిచింది. వంగి, తలుపు గడప మీద వాటిని ఆ పిల్ల కాళ్ళ ముందు పెట్టింది.

"చెప్తాను తల్లీ" అంది. "ముందు ఇవి తొడుక్కో. నేల గట్టిది."